లైన్ దాటినవాణ్ణి ఎన్నాళ్లు ఉంచుతారో ముందు రాసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

సముద్రంలో దొంగ వేటను ఆపడానికి దేశాలు ఒకటవుతున్నాయని, హిందూ మహాసముద్రం భద్రత మీద సమావేశాలు జరుగుతున్నాయని మీ పత్రికలో అప్పుడప్పుడూ వస్తోంది. మా ఊరి టీ కొట్టు దగ్గర ఆ వార్తలు పైకి చదివి వినిపించేది నేనే. పదో తరగతి దాకా చదివాను. 2001 ఆగస్టు నుంచి 2019 మే దాకా, 18 సీజన్లు, గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనిచేశాను. మొదటి 12 సీజన్లు కళాసీని, అంటే బోటు మీద కూలీని, చివరి ఆరు తండేల్ని. తండేలంటే బోటుకు పెద్ద. ఎటు పోవాలో, వల ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో చెప్పేది అతనే. ఇప్పుడు ఎచ్చెర్ల మండలంలో మా ఊరి ఒడ్డు నుంచే, ఇంకో ఇద్దరితో కలిసి ఫైబర్ బోటు మీద వేటకెళ్తున్నాను.

ఆ వార్తల్లో ఉపగ్రహాలుంటాయి, యుద్ధనౌకలుంటాయి, మంత్రుల సంతకాలుంటాయి. లైన్ దగ్గర, అంటే పాకిస్తాన్‌తో మన సముద్రపు హద్దు దగ్గర, పట్టుబడ్డ కూలీవాణ్ణి ఏం చెయ్యాలన్నది మాత్రం ఉండదు. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. నేను లైన్ దాటాను. తెలిసే దాటాను.

అసలు శ్రీకాకుళం వాడికి అరేబియా సముద్రంలో పనేమిటని చాలామంది అడుగుతారు. మా జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద మరబోట్లు కట్టుకోవడానికి హార్బరు లేకుండానే మా తండ్రుల కాలం గడిచిపోయింది. బుడగట్లపాలెం హార్బరు కోసం ఏళ్ల తరబడి చూస్తున్నాం. తెప్ప మీద వెళ్లినవాడికి ఒక రోజు చేప పడితే నాలుగు రోజులు ఖాళీ. అందుకే ఆగస్టు రాగానే ఆమదాలవలస స్టేషన్లో బియ్యం మూటలు, చింతపండు, ఎండుమిరప పొట్లాలు పట్టుకుని రైలెక్కుతాం. రెండు రాత్రులు రైల్లోనే. అక్కడ సేఠ్, అంటే బోటు యజమాని, ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. ఆ డబ్బు ఇంటి పైకప్పుకో, చెల్లెలి పెళ్లికో అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. ఇక మే నెలాఖరు దాకా మన మీద మనకు అధికారం లేదు.

2017 ఫిబ్రవరి. వెరావల్ నుంచి బయలుదేరి కచ్ తీరంలోని జఖౌ వైపు పోయి పదకొండు రోజులైంది. ఐస్ సగం కరిగిపోయింది. కింద గదిలో పట్టుమని పది బుట్టల చేప లేదు. దరికి దగ్గర్లో ఇప్పుడు చేప లేదు సార్, ఉన్నదంతా ఇంతింత సన్న కన్నుల వలలతో ఊడ్చేశారు. ఆ సాయంత్రం మా సేఠ్‌దే ఇంకో బోటు పక్కకొచ్చి కబురు చెప్పింది. ఖాళీగా వస్తే డీజిల్ ఖర్చు మీ అడ్వాన్సులోనే కలుస్తుందని. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. చేప ఎటువైపు ఉందో అందరికీ తెలుసు.

చీకటి పడ్డాక దీపాలన్నీ ఆర్పించాను. జీపీఎస్ తెర వెలుగు బయటికి పోకుండా లుంగీ కప్పి, ఓ మూల ఎత్తి చూస్తూ నడిపాను. తెర మీద సన్నటి గీత. మా బోటు గుర్తు ఆ గీత దాకా పోయింది, ముట్టుకుంది, దాటింది. బయట చూస్తే ఏ మార్పూ లేదు. అవే నీళ్లు, అదే గాలి, అదే ఉప్పు వాసన. బోటు మీద ఏడుగురం. అందరిలో చిన్నవాడు మా మేనత్త మనవడు, వాడికి అప్పుడు 19 ఏళ్లు. "మావా, మనం ఇటున్నామా, అటున్నామా?" అని మెల్లగా అడిగాడు. "ఇటే ఉన్నాం" అన్నాను. అబద్ధం చెప్పాను.

వల వేసి ఇంజను ఆపాం. రెండు గంటలకు తియ్యడం మొదలుపెడితే కచిడి పడింది. ఒకటి, రెండు, అయిదు. కచిడి అంటే మీకు తెలిసే ఉంటుంది, పొట్టలోని గాలితిత్తికి బయటి దేశాల్లో బంగారం ధర పలికే చేప. మా వాళ్లకు ఒళ్లు తెలియలేదు. అప్పుడే పడమటి వైపు ఒక లైటు కనపడింది. కదులుతున్న లైటు. వల సగం బోటులో, సగం నీళ్లలో ఉంది. తియ్యాలంటే ఇంకో అరగంట పడుతుంది. కత్తి తీసి పై తాడు, కింద తాడు రెండూ కోసేశాను. ఇంజను స్టార్టయ్యేలోపు నా చేతులు ఎంత వణికాయో నాకే తెలుసు. తెల్లారేసరికి మనవైపు వచ్చేశాం. ఆ లైటు ఎవరిదో, గస్తీ బోటుదో, మాలాగే వేటకొచ్చిన కరాచీ బోటుదో, ఈనాటికీ నాకు తెలియదు.

ఆ ట్రిప్పులో చేప బాగానే అమ్ముడుపోయింది. కోసిన వల ఖరీదు మాత్రం నా లెక్కలో రాశారు. ఆ వల అక్కడే నీళ్లలో ఉండి ఎన్నాళ్లు చేపల్ని చంపిందో.

అది దొంగతనమేనని నేను ఒప్పుకుంటున్నాను. నేను పట్టిన కచిడి కరాచీ పక్కనున్న ఇబ్రహీం హైదరీ ఊరి వాడి నోటి కూడు కావచ్చు. అక్కడ వేలమంది మత్స్యకారులున్నారు. వాళ్లకూ అప్పులిచ్చే సేఠ్‌లున్నారు. వాళ్లూ ఇటువైపు వచ్చి పట్టుబడి మన గుజరాత్ జైళ్లలో ఏళ్లు గడుపుతున్నారు. కాబట్టి దొంగ వేటను ఆపాలని ఎవరైనా అంటే నేను కాదనను. దొంగ ఎవరు, వాణ్ణి ఏం చెయ్యాలి అన్న దగ్గరే నా మాట.

2018 నవంబర్ చివర మా జిల్లావాళ్లు, విజయనగరం వాళ్లు ఉన్న బోట్లను పాకిస్తాన్ గస్తీ పట్టుకుపోయింది. నేను అప్పుడు సముద్రంలోనే, ఇంకో బోటు మీద ఉన్నాను. వైర్‌లెస్‌లో ముందు గుజరాతీ, తర్వాత హిందీ, చివరికి మన తెలుగు వినపడింది. ఎవరో పేర్లు చదువుతున్నారు. మా బోటు మీద ఒక్కడూ మాట్లాడలేదు. అన్నం వార్చినవాడు వార్చినట్టే గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు.

వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. పదమూడు నెలలు దాటింది. ఆ పదమూడు నెలలు మా తీరంలో ఆడవాళ్లు ఎలా బతికారో రాయాలంటే మీ పత్రిక సరిపోదు. మంగళసూత్రం తాకట్టు పెట్టినవాళ్లున్నారు. తండ్రి ముఖం చూడకుండానే నడక నేర్చిన పిల్లలున్నారు. తిరిగొచ్చినవాళ్లలో ఒకాయన జైల్లో తాను అల్లిన పూసల గొలుసు ఒకటి తెచ్చాడు. కరాచీలో మలీర్ జైలు, అక్కడ మనవాళ్లు పొద్దుపోక పూసలు అల్లుతారు. నీలం, తెలుపు పూసలు, మధ్యలో చిన్న పడవ బొమ్మ. దాన్ని కూతురి మెళ్లో వేశాడు. ఆ పిల్ల దాన్ని తియ్యనివ్వదు, స్నానానికి కూడా.

నేను ఆ సీజన్ మేలో అయిపోగానే వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు. నా భార్య వెళ్లనివ్వలేదంటే సరిగ్గా ఉంటుంది.

ఆ తర్వాతే ఈ చట్టాల సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మా మండలంలో ఒక లాయరు గారు ఓపిగ్గా చెప్పారు, తర్వాత నేనే చదువుకున్నాను. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం అని 1982లో రాసుకున్న ఒప్పందం ఉంది. 1994 నవంబర్ నుంచి అమల్లో ఉంది. మన దేశం 1995లో, పాకిస్తాన్ 1997లో దాన్ని ఆమోదించాయి. అందులో 73వ అధికరణం ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు చేపల మీద హక్కు ఆ తీరదేశానిదే. అక్కడ అనుమతి లేకుండా వేటాడితే పట్టుకోవచ్చు, బోటు ఆపవచ్చు, జరిమానా వెయ్యవచ్చు. కానీ తగిన పూచీ కడితే బోటునీ మనుషుల్నీ త్వరగా వదిలెయ్యాలి. రెండు దేశాలూ వేరేగా ఒప్పుకుంటే తప్ప, ఆ తప్పుకు జైలు శిక్ష వెయ్యకూడదు. ఈ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. రెండు దేశాలూ ఒప్పుకున్న కాగితంలో జైలు వద్దని రాసి ఉంది. మావాళ్లేమో పదమూడు నెలలు జైల్లో పూసలు అల్లారు.

దీనికి జవాబుగా ఒక మాట చెబుతారు. తీరానికి 12 మైళ్ల లోపలైతే ఈ నియమం వర్తించదని, పైగా అక్కడ హద్దే తేలలేదని. నిజమే. కచ్ రణ్‌లో సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల పాయ ఉంది. హద్దు పాయ మధ్యలో అని మనం, తూర్పు గట్టు మీద అని వాళ్లు. పాయ దగ్గరే తేలకపోతే అక్కడి నుంచి సముద్రంలోకి గీసే గీత ఎలా తేలుతుంది? పెద్దవాళ్లకే తేలని గీతను వలతో కొట్టుకుపోయే బోటు దాటిందని కూలీవాణ్ణి లోపల వేస్తున్నారు. మా వలలు నీటివాటుకు వదిలే వలలు. పోటు మారితే వలా, దాంతోపాటు బోటూ, ఇంజను ఆపి ఉండగానే మైళ్లకు మైళ్లు జరుగుతాయి. నాలా తెలిసి దాటినవాడు ఉన్నాడు, నిద్రలో దాటినవాడూ ఉన్నాడు. జైల్లో ఇద్దరికీ ఒకే గది.

2008 మే 21న రెండు దేశాలు ఇంకో ఒప్పందం రాసుకున్నాయి. పట్టుబడ్డవాళ్లను మూడు నెలల్లోపు వాళ్ల దేశం అధికారులు కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, ఏ దేశం వాడో తేలాక నెలలోపు పంపెయ్యాలి. ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. జాబితాలు మాత్రం తప్పకుండా మారుతున్నాయి. 2025 జూలై 1 నాటి జాబితాలో పాకిస్తాన్ జైళ్లలో మనవాళ్లో, మనవాళ్లని అనుకుంటున్నవాళ్లో 193 మంది మత్స్యకారులు. మన జైళ్లలో వాళ్లవాళ్లు 81 మంది. ఏ దేశం వాడో తేలాలంటే నెలలు, ఏళ్లు పడుతోంది. మా జేబులో ప్రభుత్వమిచ్చిన కార్డు ఉంటుంది. బోటుకు నంబరు ఉంటుంది, రంగు ఉంటుంది, సముద్రంలోకి పోవడానికి రేవులో ప్రతి ట్రిప్పుకూ తీసుకున్న అనుమతి టోకెన్ ఉంటుంది. ఇంకా ఏం తేలాలో నాకు అర్థం కాదు. రెండు దేశాల జడ్జీలతో 2007లో ఒక కమిటీ వేశారు, వాళ్లు జైళ్లకు వెళ్లి ఖైదీలను చూసేవాళ్లు. 2013 తర్వాత ఆ పర్యటనలు ఆగిపోయాయి. దాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు.

భద్రత సంగతి నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు. 2008 నవంబర్‌లో ముంబై మీదికి వచ్చినవాళ్లు ఎలా వచ్చారు? కుబేర్ అనే పోరుబందరు వేట బోటును సముద్రంలో పట్టుకుని వచ్చారు. అందులోని కళాసీలను చంపారు. ముంబై దాకా బోటు నడిపించుకుని, చివరికి తండేల్నీ చంపారు. హోటళ్లలో, స్టేషన్లో తుపాకులు పేలకముందే సముద్రంలో మావాళ్లు చనిపోయారు. ఆ తర్వాత ప్రతి రేవులో మమ్మల్ని అనుమానంగా చూశారు, భరించాం. కార్డులు తీసుకోమన్నారు, తీసుకున్నాం. సముద్రం మీద కొత్త బోటు కనపడితే అది ఎవరిదో దూరం నుంచే చెప్పగలిగేది వేటగాడే. అలాంటివాడు గస్తీ బోటును చూసి దీపాలార్పి పారిపోయే పరిస్థితి ఉంటే, చూసింది ఎవరికి చెబుతాడు? ఆ రాత్రి నాకు కనపడిన లైటు నిజంగా ఇంకేదైనా ముప్పు అయి ఉంటే, నేను ఎవరికీ చెప్పి ఉండేవాణ్ణి కాదు. నేనే దొంగగా ఉన్నాను కాబట్టి. ఈ సంగతి దేశాలు గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద ఓడల వ్యవహారం వేరు. దూర దేశాల నుంచి వచ్చి, తమ జాడ చెప్పే యంత్రం ఆపేసి, ఒక దేశం జెండా కింద పట్టి ఇంకో దేశం రేవులో అమ్మేవాళ్లున్నారు. ఏటా 1.1 కోట్ల నుంచి 2.6 కోట్ల టన్నుల చేప దొంగ వేటలో పోతోందని ఎప్పటినుంచో చెబుతున్న అంచనా ఉంది. అది తెప్పల మీద పోయే చేప కాదు కదా. అలాంటివాళ్లను పట్టడానికి 2018 డిసెంబర్‌లో మన నౌకాదళం గురుగ్రామ్‌లో ఒక సమాచార కేంద్రం పెట్టింది. పలు దేశాల అధికారులు అక్కడే కూర్చుని హిందూ మహాసముద్రం మీద ఏ ఓడ ఎటు పోతోందో చూస్తారు. 2022 మేలో టోక్యోలో క్వాడ్ దేశాలు, అంటే మనం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, ఇంకో ఏర్పాటు చేసుకున్నాయి. జాడ ఆపేసిన ఓడలను కూడా వాటి రేడియో సంకేతాలతో ఉపగ్రహాల నుంచి కనిపెడతారట. చాలా మంచి పని. మా విశాఖలోనే 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది, 2022లో, 2024లో పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే మిలన్ విన్యాసాలు జరిగాయి. ఎన్ని దేశాల జెండాలో బీచ్ రోడ్డు మీద నిలబడి చూశాం. మా పిల్లలు ఎంతో సంబరపడ్డారు. అన్ని దేశాలు ఒక రేవుకు రాగలిగినప్పుడు, చిన్న బోటు మీది కూలీని ఎన్నాళ్లలో ఇంటికి పంపాలో ఒక కాగితం మీద రాసుకోలేవా అని నాకు అప్పుడే అనిపించింది.

సాధ్యం కాదని అనడానికి లేదు. బంగ్లాదేశ్‌తో సాధ్యమైంది. 2014 జూలైలో అంతర్జాతీయ తీర్పు వచ్చింది. గొడవలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కే పోయింది. మన దేశం ఆ తీర్పును ఒప్పుకుంది. అయినా బోట్లు అటూ ఇటూ పోవడం ఆగలేదు. 2025 జనవరి 5న మనవాళ్లు 95 మందిని వాళ్లు, వాళ్లవాళ్లు 90 మందిని మనం, రెండు కోస్ట్‌గార్డులూ సముద్రం మీదే ఇచ్చిపుచ్చుకున్నాయి. బోట్లతో సహా. రెండు దేశాల మధ్య మాటలు అంత బాగోలేని రోజుల్లోనే అది జరిగింది.

అంతకంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది, దాని మీద పత్రికల్లో పెద్దగా రాలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బంగ్లాదేశ్‌లో మే 20 నుంచి జూలై 23 దాకా ఉండేది. మన నిషేధం అయిపోయి మన బోట్లు బయలుదేరేసరికి వాళ్ల బోట్లు ఇంకా ఒడ్డునే ఉండేవి. మేం పస్తులుండి కాపాడిన చేపను పక్కవాళ్లొచ్చి పట్టుకుపోతున్నారని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2025లో వాళ్ల ప్రభుత్వం తేదీలు మార్చి ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 దాకా చేసింది. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి ఆగుతాం, దాదాపు ఒకేసారి కదులుతాం. ఒక్క తేదీ మారితే దాటాలన్న ఆశే తగ్గిపోతుంది. నిషేధ కాలంలో పస్తు అంటే ఏమిటో మాకు తెలుసు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 20 వేలు చేతికొస్తున్నాయి కాబట్టి కొంత ఊపిరి. అవతలి ఒడ్డున ఉన్నవాడికీ అలాంటిదేదో ఉండాలి. లేకపోతే నిషేధం కాగితం మీదే ఉంటుంది.

ఇక నేను అడిగేది చెబుతాను.

మన బోట్లకు ఇస్రో చేసిన ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా బోటు జాడ చెప్పే యంత్రాలు, ఉచితంగా పెడుతున్నారు. లక్ష బోట్లకు, 364 కోట్ల రూపాయలతో. హద్దు దగ్గరికి పోతే హెచ్చరిక ఇస్తుంది, ఒడ్డుకు మెసేజ్ పంపవచ్చు, తుఫాను కబురు అందుతుంది. నా కాలంలో అది ఉండి ఉంటే లుంగీ కప్పి దాటగలిగేవాణ్ణి కాదు. ఆ యంత్రంలో బోటు ఎప్పుడు ఎక్కడ ఉందో అంతా తెలుస్తుంది. ఇంజను నడిపి సూటిగా దాటినవాడెవడో, వలతో కొట్టుకుపోయినవాడెవడో ఆ జాడ చూస్తే చెప్పెయ్యొచ్చు. బోటు పట్టుబడిన రోజే ఆ జాడను అవతలి దేశానికి పంపండి. మన కోస్ట్‌గార్డుకూ పాకిస్తాన్ గస్తీ సంస్థకూ 2005లోనే ఒప్పందం జరిగింది, ఒకరికొకరు ఫోన్ చేసుకునే ఏర్పాటుతో సహా. కొట్టుకుపోయినవాణ్ణి హెచ్చరించి అక్కడే వెనక్కి తిప్పండి. తెలిసి దాటినవాడికి జరిమానా వెయ్యండి, అది బోటు యజమాని కట్టాలి. ముప్ఫై రోజుల్లో మనిషి ఇంటికి చేరాలి. రెండోసారి దాటిన బోటుకు టోకెన్ ఇవ్వకండి. అప్పుడు ఏ సేఠూ ఖాళీగా రావద్దని కబురు పంపడు.

ఇంకొకటి వలకు బీమా. నవ్వులాటకు అడగడం లేదు. లైన్ దగ్గర తండేలు చేతిలో ఉండేది రెండే దారులు, వల కోసి వెనక్కి రావడం, లేదా వల కోసం అక్కడే ఉండిపోవడం. వల ఖరీదు లక్షల్లో ఉంటుంది. అది తన లెక్కలో పడుతుందని తెలిసినవాడు కొయ్యడు, ఉండిపోతాడు, పట్టుబడతాడు. హెచ్చరిక వచ్చి వెనక్కి తిరిగినట్టు యంత్రంలో తెలిసినప్పుడు, వదిలేసిన వలకు బీమా డబ్బు ఇవ్వండి. ఎక్కడ వదిలాడో కూడా యంత్రమే చెబుతుంది కాబట్టి తర్వాత ఎవరైనా పోయి తీసుకురావచ్చు. చేపలూ తాబేళ్లూ అందులో పడి చావకుండా ఉంటాయి.

డీజిల్ సబ్సిడీ మీద కూడా ఒక్క మాట. ప్రపంచ వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో చేసిన చేపల సబ్సిడీల ఒప్పందం 2025 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. దొంగ వేటకు సబ్సిడీ ఇవ్వకూడదని దాని సారం, దానికి నేను ఒప్పుకుంటాను. కానీ మితిమీరిన వేటకు దారితీసే సబ్సిడీల మీద బేరం ఇంకా తెగలేదు. అందులో మాలాంటివాళ్లకు లీటరుకు వచ్చే 9 రూపాయలనూ, వేల మైళ్లు పోయి పట్టే ఓడలకు వాళ్ల దేశాలిచ్చే డబ్బునూ ఒకే గాటన కట్టకూడదు. మనకు 25 ఏళ్ల గడువు కావాలని మన ప్రభుత్వం పట్టుబడుతోంది. ఆ పట్టు వదలొద్దు. ఆ గడువు లోపల మాత్రం మన ఇంట్లో దొంగ వేటను మనమే ఆపుకోవాలి. లైట్లు వేసి చేపను ఆకర్షించి పట్టడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది. అయినా రాత్రిపూట ఆ లైట్లు నేను కళ్లారా చూశాను. 2022 జనవరిలో విశాఖలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల మీద మనవాళ్లూ మనవాళ్లే కొట్టుకుని బోట్లు తగలబెట్టుకున్నారు. ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపల తెప్పలవాళ్లకే వదలాలన్న మన చట్టం సరిగ్గా అమలైతే, మా కుర్రాళ్లలో సగంమంది ఆమదాలవలసలో రైలెక్కరు.

మా మేనత్త మనవడు ఇప్పుడు వెరావల్లో తనే తండేలు. కిందటి ఆగస్టులో బయలుదేరే ముందు రాత్రి మా అరుగు మీద కూర్చుని అడిగాడు. "మావా, లైన్ దగ్గర ఆ మిషను మోగితే వల లాగాలా, కొయ్యాలా?"

"కొయ్యి" అన్నాను. "బయలుదేరే ముందే ఆ వల డబ్బు ఎవరి లెక్కలో పడుతుందో సేఠ్‌తో కాగితం మీద రాయించుకో."

రాయించుకున్నావా అని పోయిన వారం ఫోన్లో అడిగాను. సేఠ్ రాయనన్నాడట.

ఇట్లు,
ఒక మాజీ తండేలు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా.

(మా బంధువులు ఇంకా వెరావల్ బోట్ల మీద పనిచేస్తున్నందున నా పేరు వెయ్యవద్దని మనవి.)